సవరణ: అలెక్స్, ఆక్యుప్లేసర్ ఒకటే కాదు

అమెరికాలో డిగ్రీకి వెళ్లే అనంతపురం, కర్నూలు పిల్లల కోసం రాసిన మొన్నటి పోస్టులో ‘లెక్కల ప్లేస్‌మెంట్ పరీక్ష ఏదైనా ఒకటే, జవాబు రాకపోతే ఏదో ఒకటి పెట్టేయండి’ అన్నాం. అది తప్పు. మనల్ని ఏ స్థాయి లెక్కల కోర్సులో వేయాలో కాలేజీ తేల్చుకునే పరీక్ష ఇది. అలెక్స్ (ALEKS), ఆక్యుప్లేసర్ (ACCUPLACER) అలాంటి రెండు వేర్వేరు పరీక్షలు.

ఏ పరీక్షో మామూలుగా కాలేజీయే చెబుతుంది. ఆక్యుప్లేసర్‌లో ఆప్షన్లుంటాయి, స్కోరు 200–300. తప్పుకు కోత లేదు, ప్రశ్న వదిలేసి ముందుకు పోనివ్వదు. ఊహించినా నష్టం లేదు. అలెక్స్‌లో గరిష్ఠంగా 30 ప్రశ్నలు, జవాబు చాలావరకు మనమే రాయాలి. రానిదానికి ‘తెలియదు’ బటనే నొక్కండి. గుడ్డిగా రాసింది తగిలితే, మోయలేని కోర్సులో పడతారు.

ఎంపీసీ వాళ్లు బోల్తాపడేది మాత్రం లాగ్ (సంవర్గమానం) దగ్గర! మన ఇంటర్ కలనంలో లాగ్ ఆధారం ‘ఇ’ (e). అమెరికాలో సాధారణంగా లాగ్ అంటే ఆధారం 10. ‘ఇ’ ఆధారమైతే ‘ఎల్ఎన్’ (ln) అని రాస్తారు.