ఒరిజినల్లో ఇట్టా లేదబ్బయా!

ఈ వ్యాసం ఒక పెద్దమనిషి మీద. ఆయన పేరు నాకు తెలియదు గానీ మీ అందరికీ ఆయన బాగా తెలుసు. రీమేక్ దెయ్యం సినిమాకి మీరెప్పుడు పోయినా మీ పక్క సీటు ఆయనదే. తెర మీద తలుపు కిర్రుమనడం ఆలస్యం, మోచేత్తో మీ డొక్కలో ఒక్క పొడుపు పొడిచి, "ఒరిజినల్లో ఇట్టా లేదబ్బయా" అంటాడు. నెల్లూరు ట్రంకు రోడ్డులో చూసినా ఉంటాడు, ఒంగోలు కర్నూలు రోడ్డులో చూసినా ఉంటాడు. ఈయన పోరు పడలేక కావలికి పారిపోతే, మీకన్నా ముందే వచ్చి ముందు సీటు మీదికి కాళ్లు చాపి చెనక్కాయలు ఒలుచుకుంటూ కనిపిస్తాడు.

ఆయన చేస్తున్న సేవని మనం సరిగా గుర్తించడం లేదని నా బాధ. మనబోటి వాళ్లం టికెట్టు కొనేది సినిమా చూడటానికి. ఆయన కొనేది తనిఖీకి. పోస్టరు పడిన రోజే తీర్పు వచ్చేసి ఉంటుంది: "చెడగొట్టారు." టీజరు రాగానే, "నే చెప్పలా?" ట్రైలరుకి, "ఆ మ్యూజిక్కేంది సామీ, పెళ్లి ఊరేగింపా?" ఇక సినిమా విడుదలయ్యాక వచ్చి కూర్చునేది, వేసిన శిక్ష సక్రమంగా అమలవుతోందో లేదో చూసుకోవడానికే. నచ్చదని ముందే తెలిసిన సినిమాకి సొంత డబ్బు పెట్టుకుని మొదటి రోజే వచ్చే త్యాగజీవిని ఇంకే రంగంలోనైనా చూపించండి.

మొన్న చూసిన సినిమా పేరు చెప్పను. పాత బంగళా, తాళం వేసిన గది, గదిలో నాట్యగత్తె పటం. ఏ కథో మీకు తెలిసే ఉంటుంది. కథానాయిక దీపం పట్టుకుని మెట్లెక్కుతోంది. డొక్కలో పొడుపు.

"చూస్తా ఉండు, ఇప్పుడు కుడిపక్క నుంచి చెయ్యొస్తది."

ఎడమపక్క నుంచి వచ్చింది. పెద్దమనిషి మొహం మాడిపోయింది. "చూశావా? మార్చేశారు! నేను 2005లో చూసిన చంద్రముఖిలో కుడిపక్కే."

వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది. "2005దాన్ని ఒరిజినలంటావేందన్నా? అదే డైరెక్టరు అంతకు ముందేడే కన్నడంలో ఆప్తమిత్ర అని తీసుండాడు. 2004. సౌందర్య."

"సౌందర్యదా?" పెద్దమనిషి ఒక్క క్షణం మెత్తబడ్డాడు. ఆ సినిమా విడుదలయ్యేనాటికి సౌందర్య బతికి లేదు. ఆ మాటకి హాల్లో ఎవరైనా మెత్తబడతారు. కానీ ఆ క్షణం కాస్తా ముందు వరసలో ఉన్న ఇంజినీరింగు కుర్రాడు పాడుచేశాడు. "రెండూ రీమేకులే అంకుల్. 1993, మలయాళం, మణిచిత్రతాళు. డైరెక్టరు ఫాజిల్. మోహన్‌లాల్, శోభన." వాడు ఫాజిల్ పేరు పలికిన తీరు చూస్తే కేరళకి పోయి ఆయన కాళ్లకి దండం పెట్టి వచ్చినట్టే ఉంది. అంతలో పక్క వరసలో మఫ్లరు చుట్టుకున్న ఒకాయన, అప్పటిదాకా నిద్రపోతున్నాడనుకున్నాం, కళ్లు తెరవకుండానే అన్నాడు: "ఆ కథ కూడా కేరళలో ఆలుమ్మూట్టిల్ అనే పెద్దింట్లో ఎప్పుడో పాతకాలంలో జరిగిన ఘోరం మీద అల్లిందే నాయనా."

అంతే, వాదం తాతల కాలంలోకి దిగిపోయింది. పెళ్లి సంబంధాలకి కూడా మనోళ్లు ఇన్ని తరాలు అడగరు. తెర మీద కథానాయిక తాళం తీసింది, లోపలికి పోయింది, గజ్జెలు కట్టింది, జుట్టు విరబోసింది. ఇంత పని చేసినా ఆమెని పట్టించుకున్న నాథుడు లేడు. మేడమీద ఎవరో చంటిపిల్లాడు ఏడుపు అందుకున్నాడు. "ఏడవమాక నాయనా, దెయ్యం కాదులే, ఆ మామలు పోట్లాడుకుంటుండారు" అని వాళ్లమ్మ సముదాయిస్తోంది. చివరికి మన పెద్దమనిషి సహనం చచ్చి, వెనక వరస వైపు వేలు చూపిస్తూ సీట్లోంచి లేచాడు. ప్రొజెక్టరు వెలుతురు వీపున పడి ఆయన నీడ పోయి సరిగ్గా దెయ్యం మొహం మీద కూర్చుంది. రెండు చెవులు, ఒక పిలక, ఊగుతున్న వేలు. హాలంతా కెవ్వుమంది. ఆ సినిమా మొత్తానికి జనం జడుసుకున్నది ఆ ఒక్క సీనుకే. అది మాత్రం ఏ ఒరిజినల్లోనూ లేదు.

ఆయన పాండిత్యం మన భాషలతో ఆగేది కూడా కాదు. ఇంటర్వెల్లో సమోసా తింటూ హాలీవుడ్ మీదికి పోయాడు. కొత్తవాళ్లు అన్నీ మార్చేస్తున్నారని గోల. సరే, 1960లో హిచ్‌కాక్ తీసిన సైకోని 1998లో గస్ వాన్ శాంట్ దాదాపు షాటుకి షాటు దించాడు, రంగు మాత్రం వేశాడు. అప్పుడేమన్నారయ్యా అంటే, "ఏమీ మార్చనోడు మళ్లీ ఎందుకు తీసినట్టు?" మారిస్తే చెడగొట్టాడు, మార్చకపోతే చేతకానోడు. దర్శకుడు ఏం చేస్తే ఈ పెద్దమనుషులు సంతోషిస్తారో నాకు తెలిసిపోయింది: సినిమా తీయకుండా ఇంట్లో కూర్చుంటే. అప్పుడు కూడా, "ఇంత మంచి కథని ఎవడూ మళ్లీ ముట్టుకోడేం?" అనడని నేను హామీ ఇవ్వలేను.

పోనీ ఆయన చేతులెత్తి మొక్కే ఒరిజినళ్లు ఒరిజినళ్లేనా? 1982లో జాన్ కార్పెంటర్ తీసిన ది థింగ్‌కి ముందు అదే కథ మీద 1951లో ఒకటి వచ్చింది. మేకప్పుకి ఆస్కారు కొట్టిన 1986 ది ఫ్లై, 1958 నాటి ది ఫ్లైకి రీమేకే. అన్నిటికీ తాతలాంటి నోస్ఫెరాటు, 1922 నాటి మూకీ, డ్రాక్యులా నవలని అనుమతి లేకుండా పేర్లు మార్చి తీసిన సినిమా. నవల రాసిన బ్రామ్ స్టోకర్ భార్య కోర్టుకెక్కితే ప్రింట్లన్నీ నాశనం చేయమని తీర్పొచ్చింది. అక్కడో ఇక్కడో కొన్ని మిగిలాయి కాబట్టి ఈ రోజు దాన్ని మూలవిరాట్టని పూజిస్తున్నాం. దాన్ని 1979లో హెర్జోగ్, 2024లో ఎగ్గర్స్ మళ్లీ తీసినప్పుడు, "ఆ పవిత్రమైన ఒరిజినల్‌ని ముట్టుకుంటారా" అని గుండెలు బాదుకున్నవాళ్లున్నారు. కాపీకి కాపీ తీస్తే మహాపాపం.

ఒక్క విషయంలో మాత్రం నేను పెద్దమనిషి పక్షమే. 2011లో ది థింగ్ అని అదే పేరుతో ముందుకథ ఒకటి తీసినప్పుడు, కళాకారులు రబ్బరుతో, యంత్రాలతో, చేత్తో చేసిన వికృతాల మీద చివర్లో కంప్యూటర్ బొమ్మలు పూసేశారు. అది మాత్రం చెడగొట్టడమే. మన విఠలాచార్య 1978లో జగన్మోహినిలో దెయ్యం చేత పొయ్యిలో కట్టెలకి బదులు కాళ్లు పెట్టించి వంట చేయించాడు. కంప్యూటరు లేదు, ఏమీ లేదు. సెకండ్ షో వదిలాక బోడిగాడితోట శ్మశానం వైపు ఇళ్లున్నవాళ్లు తోడు దొరికేదాకా హాలు ముందే నిలబడేవాళ్లని మా నాయన చెప్పేవాడు. ఇప్పుడో? పిల్లి దూకితే స్పీకర్లు పగులుతాయి. ఉలిక్కిపడటం వేరు, భయపడటం వేరు. టపాసు పేలిస్తే నేనూ ఉలిక్కిపడతాను, దానికి రెండొందలు తీసుకోవడమెందుకు?

ఇక ఆ బంగళా కథకొస్తాను, ఎందుకంటే నా కడుపుమంట అక్కడుంది. ఆ కథ రాష్ట్రాలు దాటిన తీరులో ఒక తమాషా ఉంది. మలయాళంలో ఆ నాట్యగత్తె తంజావూరు నుంచి వచ్చిన తమిళావిడ. తమిళంలోకి పోయేసరికి తెలుగావిడ అయింది, "రా రా" అని తెలుగులోనే పాడింది. హిందీలోకి పోతే బెంగాలీ. అంటే ఎవరి దెయ్యమైనా పక్క రాష్ట్రం నుంచే దిగుమతి కావాలి, మనింటి ఆడవాళ్లు అలాంటివాళ్లు కారు! దీని మీద మన పెద్దమనుషులు ఒక్కరోజూ చర్చ పెట్టలేదు. వాళ్ల చర్చ ఎప్పుడూ కళ్ల మీదే. శోభన కళ్లా, సౌందర్య కళ్లా, జ్యోతిక కళ్లా, విద్యాబాలన్ కళ్లా, అనుష్క కళ్లా? ఎవరు ఎక్కువ తిప్పారు, ఎవరు రెప్ప వేయకుండా ఎంతసేపు చూశారు? కంటి డాక్టర్లు కూడా ఇంత శ్రద్ధగా చూడరు.

ఆ కళ్ల వెనక ఉన్న మనిషి సంగతేంది సామీ?

1993 సినిమాలో దెయ్యం లేదు. మళ్లీ చెబుతున్నాను, లేదు. గంగ అనే అమ్మాయి ఉంది. చిన్నప్పుడు తల్లిదండ్రులు ఆమెని అమ్మమ్మ దగ్గర వదిలేసి కలకత్తా పోయారు, పెద్దదయ్యాక ఉన్నట్టుండి వచ్చి లాక్కుపోయారు. లోపల ఏదో విరిగింది. దాన్ని కనిపెట్టినవాడు సన్నీ అనే మానసిక వైద్యుడు. ఇంటికి పెద్ద తాంత్రికుడు వస్తాడు, వచ్చి డాక్టరు చెప్పింది వింటాడు. పూజ, ముగ్గు, మంత్రం అన్నీ డాక్టరు వైద్యంలో భాగంగా వేసిన నాటకమే. ఆమె పగ తీర్చుకుందని ఆమె మనసుని నమ్మించడానికి, తిరిగే పలక మీద మనిషికి బదులు బొమ్మని పెట్టారు. జబ్బు నయమైంది. ఆ పాత్రకే శోభనకి జాతీయ అవార్డు.

తర్వాత రీమేకుల్లో డాక్టరుకి ఫైట్లొచ్చాయి, పాటలొచ్చాయి, పోనీలెమ్మనుకున్నాం. 2022లో హిందీ రెండో భాగం, భూల్ భులయ్యా 2, వచ్చేసరికి దెయ్యం నిజంగానే దెయ్యమైంది. 2023లో తమిళ రెండో భాగంలోనూ అంతే. ముప్పయ్యేళ్లలో ఒక ఆడమనిషి జబ్బుని తీసుకుపోయి దెయ్యం చేసి పెట్టారు. ఒరిజినల్లో ఇట్టా లేదబ్బయా అని కుర్చీలెక్కి అరవాల్సింది ఇక్కడ గదయ్యా! చెయ్యి కుడిపక్క నుంచి రాలేదని హాలు లేపినోడివి, ఇక్కడ నోరెందుకు పెగల్లేదు? అయిదు భాషల్లో చూసుండావే, ఒక్క భాషలోనైనా డాక్టరు మాట చెవినపడలేదా?

2001 ఆగస్టు 6న తమిళనాడులో ఏర్వాడి దర్గా దగ్గర ఒక పాకకి మంటలంటుకుంటే 28 మంది మానసిక రోగులు చనిపోయారు. కాళ్లకి గొలుసులున్నాయి, పరిగెత్తలేకపోయారు. దయ్యం దిగిపోవాలని ఇంట్లోవాళ్లే తెచ్చి వదిలిన మనుషులు వాళ్లు. మానసిక రోగులకి గొలుసులు వేయకూడదని 2017లో చట్టం రాసుకున్నాం. ఆ తర్వాతే, ఆ చట్టం కళ్లముందుండగానే, దెయ్యం నిజమని చెప్పే రెండో భాగాలు తీసుకుని చప్పట్లు కొట్టుకున్నాం.

కనిగిరి అవతల మా బంధువుల ఊళ్లో, కాన్పయి నెల తిరక్కముందే ఒక పిల్ల నిద్రపోవడం మానేసింది. గోడతో మాట్లాడేది. బిడ్డ తనది కాదనేది. ఏం చేశారో మీరే చెప్పగలరు: వేపమండలు, మిరపకాయల పొగ, వసారా స్తంభానికి పాత చీరతో కట్టిన చేతులు. పాలు కారి రవిక తడిసిపోయి ఉంటే ఒక్క ఆడమనిషి కూడా పైట సర్దలేదు, దగ్గరికి పోతే తమకి పట్టుకుంటదని. వాకిట్లో జనం. ఒకడు ఫోన్లో వీడియో తీస్తున్నాడు. "ఆ కళ్లు చూడరా, అచ్చం చంద్రముఖే." పక్కవాడు పెదవి విరిచాడు: "పోయినేడు పడమటీధి కోడలికి పట్టినప్పుడు ఇంతకన్నా గట్టిగా అరిచిందిలే. ఇది అంత లేదు."

వాడు కూడా రీమేకు బాగాలేదనే అన్నాడు.

ఆ పిల్ల అన్న రాత్రికి రాత్రి ఆటో పెట్టి ఒంగోలు ఆస్పత్రికి తీసుకుపోయాడు. "కాన్పెప్పుడయింది?" అని డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నకే వాడు ఏడ్చేశాడంట, అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు కాబట్టి. మాత్రలిచ్చారు, కొన్నాళ్లు ఉంచుకున్నారు, పంపించారు. ఇప్పుడు బాగుంది, బిడ్డ బడికి పోతోంది. టీవీలో చంద్రముఖి వస్తే మాత్రం ఛానల్ మార్చేస్తదంట. మొగుడు రిమోటు లాక్కుని, "ఉండనీవే, వడివేలు కామెడీ బాగుంటది" అంటాడంట.