సంతకం దగ్గర ఆగిన చట్టం

ఖరీఫ్ వచ్చిందంటే వంశధార, నాగావళి ఆయకట్టులో కౌలు రైతుకు ఒక సంతకం కోసం తిరగడం తప్పదు. పంట రుణానికి, పరిహారానికి ఆధారమైన పంట సాగుదారు హక్కు పత్రంపై భూయజమాని సంతకం ఉండాలి. ఆయనేమో విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు. ఫోన్ చేస్తే ‘శిస్తు ఇస్తే చాలు, కాగితాలెందుకు?’ అంటాడు. ఊళ్లో ఉన్న యజమానిదీ అదే భయం: సంతకమెట్టీస్తే భూమి పోద్దని. పత్రం 11 నెలలే చెల్లుతుందని, యాజమాన్య హక్కుకు ఢోకా లేదని చట్టమే చెబుతోంది. ఆ మాట ఆయన చెవిన వేసినవారు లేరు.

ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుల కోసం తెచ్చిన 2011 చట్టం కింద ఇచ్చిన రుణ అర్హత కార్డుకు యజమాని అంగీకారం అవసరముండేది కాదు. 2019లో దాని స్థానంలో, యజమాని సంతకం తప్పనిసరి చేస్తూ పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. యజమానికి ధీమా ఇస్తే ఒప్పందాలు పెరుగుతాయన్నది అప్పటి లెక్క. లెక్క ఫలించిందో లేదో శాసనసభ మళ్లీ చూసుకోవద్దా? బ్రిటన్‌లో 2008 నుంచి ఒక పద్ధతి ఉంది. చట్టమైన మూడు నుంచి ఐదేళ్లలో సంబంధిత శాఖ అమలు తీరుపై పార్లమెంటు కమిటీకి నివేదిక ఇవ్వాలి. మనకు ఆ ఆనవాయితీ లేదు. భూహక్కు చట్టాన్నే (ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్) చూడండి. దాని సమీక్ష ఎన్నికల సభల్లో జరిగింది, 2024లో రద్దుతో ముగిసింది!

సమీక్ష అంటే ఎన్ని పత్రాలిచ్చారో శాఖ చదివి వినిపించడం కాదు. పత్రం చేతికొచ్చినా, అదే సర్వే నంబరుపై యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు మేనేజరు తల అడ్డంగా ఊపుతాడు. తుపాను పరిహారం వేళా ఇదే పేచీ: రికార్డులో పేరున్నవాడికా, దున్నినవాడికా? ఇక సంతకం దొరక్క దరఖాస్తే పెట్టని రైతు ఏ లెక్కలోనూ కనిపించడు. చట్టం ఓడిపోయిందంటే ప్రధానంగా అక్కడే.

కొత్త కౌలు చట్టం తెస్తామన్న మాట 2024 నుంచి వినిపిస్తోంది. వ్యవసాయ మంత్రి అచ్చెన్నాయుడు శ్రీకాకుళం జిల్లావారే, ఈ గోడు ఆయనకు కొత్త కాదు. ముసాయిదా రాసేలోపు అన్ని పార్టీల సభ్యులతో సభాసంఘం వేసి నరసన్నపేటలో, బొబ్బిలిలో బహిరంగ విచారణ పెట్టించాలి. కౌలుదారుతోపాటు యజమానినీ, బ్యాంకు అధికారినీ ఒకేచోట కూర్చోబెట్టాలి. ఆ నివేదిక కొత్త బిల్లుకంటే ముందు సభకు రావాలి. కొత్త చట్టానికి మూడేళ్లలో సమీక్ష తప్పనిసరి అన్న సెక్షన్ కూడా ఆ బిల్లులోనే చేర్చాలి.