మెడ ఒక్కటే అమ్ముతారట, గోడకి!

ఇప్పుడే ఒక అమ్మకం ప్రకటన చూసి ఒళ్ళు మండిపోయింది. బ్యాంజో, అదే గుండ్రటి డప్పుకి పొడుగు మెడ బిగించినట్టుండే తీగవాయిద్యం, అది కాదు, దాని మెడ మాత్రమే. 1920ల నాటి నాలుగు తీగలది. తల మీద ముత్యపుచిప్పతో పొదిగిన లతలు, ఫ్రెట్ల (అంటే మెట్ల) మధ్య బుల్లి బుల్లి పువ్వులు. కింద "అరుదైన కళాఖండం, హాల్లో గోడకి అదిరిపోతుంది" అని రాశాడు మహానుభావుడు.

అరుదైనదేలే. ఎందుకైందో కూడా చెప్పొచ్చుగా? జాజ్ రోజుల్లో ఇవి వాయించడానికే చేశారు. గిబ్సన్ అనే అమెరికా వాయిద్యాల కంపెనీ వాళ్ళ ఫ్లోరెంటైన్ మోడల్‌కైతే మెడ మీద ఏకంగా వెనిస్ దృశ్యాలే వేశారు. తర్వాత గిటార్ వచ్చింది, వీటిని అడిగే నాథుడు లేడు. 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ అనే బ్యాంజో వాద్యకారుడు బిల్ మన్రో బ్లూగ్రాస్ సంగీత బృందంలో చేరి ఐదు తీగల బ్యాంజోని మూడు వేళ్ళతో ఉరకలెత్తించాక, జనం కన్ను ఈ పాత బ్యాంజోల లోపలి టోన్ రింగుల మీద, అంటే నాదానికి వన్నె తెచ్చే లోహపు వలయాల మీద పడింది. నాలుగు తీగల మెడ ఊడబీకి ఐదు తీగలది బిగించారు. పాతది అటకెక్కింది. ఇప్పుడు దిగి ఆర్ట్ అయింది. ఊడబీకినవాళ్ళకే కళాపోషకులని బిరుదు!

అసలు ఈ వాయిద్యం పుట్టిందే ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ చేతుల్లో, సొరబుర్రకి తోలు బిగించి. వాళ్ళ పేర్లెవరికి కావాలి? ముత్యపుచిప్ప పగల్లేదా అన్నదే అందరి బెంగ.

అయినా అమెరికా వాళ్ళని అనడం ఎందుకు, మన ఇళ్ళు తక్కువా? మా అమ్మమ్మది బొబ్బిలి వీణ, ఒకే పనస దుంగలో తొలిచింది. ఆవిడ పోయాక మా పెద్దమామయ్య దాని చివరుండే యాళి (సింహంలాంటి పురాణ జంతువు) తల కోయించి, టేకు చెక్కకి బిగించి షోకేసులో పెట్టాడు. మిగతాది ఏదని అడిగితే "పురుగు పట్టిందిరా, పారేశాం" అన్నాడు. తలనొక్కదాన్నే వదిలేసిందంటే ఎంత కళాభిరుచి ఉన్న పురుగో! ఆవిడ వేళ్ళకి అరిగిపోయిన ఇత్తడి మెట్లు మాత్రం కాటాకి వేశారట.

వచ్చినవాళ్ళంతా ఆ షోకేసు ముందు సెల్ఫీ దిగి "మీ టేస్టే వేరండీ" అంటారు. మా చెల్లి వీణ నేర్చుకుంటానంటే "ఇంట్లో ఆ గోలెందుకే" అన్నది ఈ టేస్టున్న మనిషే.

మామయ్యా, నువ్విది చదువుతావని తెలుసు. లైక్ కొట్టి తప్పించుకోకు. ఆ ఇరవైనాలుగు మెట్లకి ఎంతొచ్చిందో కామెంట్లో పెట్టు.