టవరు మీద కర్చీఫు

పండగ ముందురోజు బస్టాండులో బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి సీటు మీదికి కర్చీఫు విసరడం అనాగరికమని కొందరు పెద్దమనుషులు బాధపడుతుంటారు. ఆ బాధను నలుగురికీ చేరవేయడానికి వారు వాడిన ఫోను కూడా సరిగ్గా అదే పని చేసిందని వారికి సవినయంగా మనవి చేసుకుంటున్నాను. దాన్ని ఇంజనీర్లు ర్యాండమ్ యాక్సెస్ అంటారు. వాళ్ళు కోటు వేసుకుని చేశారు కాబట్టి స్టాండర్డ్ అయింది, మనం లుంగీ ఎగ్గట్టి చేశాం కాబట్టి మొరటుతనమైంది.

వివరంగా చెబుతాను. జేబులో నిద్రపోతున్న ఫోనుకు టవరు మాటలు వినే హక్కు ఉంది కానీ, తిరిగి మాట్లాడడానికి సీటు లేదు. మాట్లాడాలనిపిస్తే ముందుగా కర్చీఫు వేయాలి. 4జీలో ఒక్కో సెల్లుకు, అంటే టవరు ఏలే ఒక్కో ముక్కకు, 64 రకాల కర్చీఫులు. వాటి శాస్త్రీయ నామం ప్రియాంబుల్. ఒకదాని మీద ఒకటి పడ్డా ఏది ఏదో తెలిసేలా 839 అంకెల పొడవున్న లెక్కతో నేసిన బట్ట అది, పోచంపల్లి మగ్గం మీద కూడా అంత లెక్క ఉండదేమో. వాటిలో కొన్నింటిని, పక్క సెల్లు నుంచి కాల్ మధ్యలో ఉండగా వచ్చేవారి కోసం విడిగా తీసిపెడతారు. రిజర్వేషన్ లేని బస్సు ఎక్కడుంది? మిగిలినవాటిలో ఒకటి కళ్ళు మూసుకుని తీసి, ఫోను విసురుతుంది.

టవరుకు కర్చీఫు కనిపిస్తుంది, మనిషి కనిపించడు. "గళ్ళ కర్చీఫు వేసినవారు 14వ నంబరు సీటులోకి రండి, మీరు దూరంగా ఉన్నారు, కాస్త ముందుగా బయల్దేరండి" అని కేకేస్తుంది. అసలు కథ ఇక్కడే. అదే క్షణంలో అదే గళ్ళ కర్చీఫు ఇద్దరు వేసుంటే, ఆ పిలుపు తనకేనని ఇద్దరూ అనుకుంటారు. ఇద్దరూ వచ్చి ఒకే సీటులో కూలబడి ఒకేసారి పేర్లు చెబుతారు. టవరుకు ఉత్త గోల వినబడొచ్చు, గొంతు పెద్దదైనవాడి పేరు వినబడొచ్చు. వినబడిన పేరునే అది తిరిగి చదువుతుంది. రెండోవాడికి నువ్వు ఓడిపోయావని ఎవరూ చెప్పరు. కొన్ని పదుల మిల్లీసెకన్లు చూసి, పిలిచింది తనను కాదని తనంతట తానే గ్రహించి లేచిపోవాలి.

ఇది తెలిసిన రోజు నేను చాలాసేపు మౌనంగా ఉండిపోయాను. "మీ పేరే చదివారు, కూర్చోండి" అంటూ సీటులోంచి లేచిన మనిషిని నా యాభై రెండేళ్ళ బస్సు జీవితంలో చూడలేదు.

ఈ పద్ధతికి పుట్టిల్లు హవాయి. దీవుల్లో ఉన్నవాళ్ళు యూనివర్సిటీ కంప్యూటరుతో రేడియోలో మాట్లాడేందుకు నార్మన్ అబ్రామ్‌సన్ బృందం 1971లో అలోహా అనే ఏర్పాటు నడిపింది. నియమం ఒక్కటే: అనిపించినప్పుడు మాట్లాడు, గుద్దుకుంటే కాసేపాగి మళ్ళీ మాట్లాడు. ఎంత బాగా నడిచినా నూటికి 18 వంతులకు మించి పని జరగదని లెక్క తేలింది. ఎవరైనా సరే గడియ మొదట్లోనే మొదలుపెట్టాలని ముహూర్తాలు పెడితే అది 37కి పెరిగింది. ముహూర్తబలం అంటే నవ్వేవాళ్ళు ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని చూసుకోవాలి.

ఇక జనం పెరిగితే? ఫోను మొదట మనలాగే గొంతు పెంచుతుంది. జవాబు రాని ప్రతిసారీ 2 డెసిబెల్ పెంచమని టవరు చెప్పి ఉంటే, అంటే సుమారు ఒకటిన్నర రెట్లు, అంతే పెంచుతుంది, ఒక్క చుక్క ఎక్కువ కాదు. టవరు "కాసేపాగి రా" అని ఒక అంకె చెబితే, సున్నాకూ దానికీ మధ్య ఏదో ఒకటి తనే ఎంచుకుని అంతసేపు పక్కన నిలబడుతుంది. 4జీలో ఆ అంకె 960 మిల్లీసెకన్లు దాటదు. అంటే మనం ఫోనును నేలకేసి కొడదామనుకునేలోపు అది చాలాసార్లు మర్యాదగా వెనక్కి తగ్గి వచ్చి ఉంటుంది.

అప్పటికీ ఆగకపోతే ఇంట్లోంచి కదలకముందే లాటరీ. "ఇవాళ్టి అంకె 0.3" అని టవరు ప్రకటిస్తుంది. ఫోను సున్నాకూ ఒకటికీ మధ్య ఒక చీటీ తీస్తుంది. 0.3 కంటే తక్కువ వస్తే బయల్దేరొచ్చు, లేదంటే కూర్చోవాలి. ఆ కూర్చోవడం సుమారు 3 సెకన్ల దగ్గర మొదలై పదకొండు నిమిషాల దాకా సాగొచ్చు. మేడారం జాతరలో తప్పిపోయిన బావమరిదికి నేను ఫోన్ చేస్తున్నప్పుడు నా ఫోను ఈ చీటీలే తీస్తోందని ఆ తర్వాత ఊహించుకున్నాను. చివరికి ఆయన్ని పట్టిచ్చింది మైకు. ఆ అంకెను ఎప్పుడు ఎంత పెట్టాలన్నదే పండితుల వాదం. 64 కర్చీఫులుంటే దాదాపు 64 మందే విసిరేలా చూడాలని, ఆ లోపల గుద్దుకోకుండా గట్టెక్కేది సుమారు 24 మందేనని వారు తేల్చారు. జనాన్ని లెక్కపెట్టే దారి లేదు కనుక, ఎన్ని కర్చీఫులు గుద్దులాటలో చిరిగాయో చూసి జనం ఎంతో అంచనా వేస్తారు. మన సభల్లో విరిగిన కుర్చీలను బట్టి జనసమీకరణ లెక్క కట్టినట్టే.

ఇంతవరకు చదివి ఇది సమసమాజమని నేను మురిసిపోయాను. తర్వాత సిమ్ సంగతి తెలిసింది. ప్రతి సిమ్‌లో ఒక తరగతి రాసి ఉంటుంది. మామూలు జనానికి 0 నుంచి 9 వరకు ఏదో ఒకటి గుడ్డిగా పంచుతారు. అది తలరాత. ఆ పై తరగతులవారికి టవరు చీటీ మాఫీ చేయొచ్చు. 10 అత్యవసర కాల్స్‌కు, అదొక్కటీ సిమ్‌లో రాసి ఉండదు. 12 భద్రతా దళాలకు, 13 నీళ్ళూ గ్యాసూ ఇచ్చేవారికి, 14 అంబులెన్సులాంటి సేవలకు. ఇవన్నీ న్యాయమే, తల వంచుతాను. మరి 11, 15? అవి కంపెనీ సొంత వాడకానికీ, కంపెనీ సిబ్బందికీ. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఒకటే అని తాతలు ఊరికే అనలేదు, స్టాండర్డ్ చదివే అన్నారు! ఒక్కటే ఊరట: ఆ రెండు హోదాలూ పక్క కంపెనీ టవరు దగ్గర చెల్లవు. మన సిఫారసు ఉత్తరాలైతే కొండెక్కినా చెల్లుతాయి.

2020లో ఖరారైన రిలీజ్ 16 అనే 5జీ స్టాండర్డు కూర్పు రాసినవాళ్ళు ఇంకో మెట్టెక్కారు. కర్చీఫుతో పాటు సంచీ కూడా, అంటే చెప్పాల్సిన పేరూ మాటా కూడా, కిటికీలోంచి ఒకేసారి తోసెయ్యొచ్చన్నారు. కర్చీఫు సీటు మీద, సంచీ రోడ్డు మీద పడితే టవరు కసరదు, "సరే, పాత పద్ధతిలో రండి" అంటుంది.

ఈ సంస్కారాన్ని మొన్న స్వయంగా ఆచరించి చూశాను. బస్సు వచ్చింది, గళ్ళ కర్చీఫు విసిరాను. ఎక్కి చూస్తే సీటు మీద రెండు గళ్ళ కర్చీఫులు, పక్కన ఒక పెద్దాయన. "తమ్ముడూ, ఇది నాది" అన్నాడాయన. నేను వాదించలేదు. కండక్టరు ఎవరో ఒకరి పేరు చదువుతాడని కాసేపు చూశాను, చదవలేదు. మనసులో సున్నాకూ ఇరవైకీ మధ్య ఒక అంకె తీసుకుని, దిగి, లెక్కపెడుతూ నిలబడ్డాను. పదిహేడు వచ్చింది. పదకొండు దగ్గర బస్సు కదిలింది. కర్చీఫు దానితోనే వెళ్ళింది.

ఇంటికి చెబుదామని ఫోన్ తీశాను. బస్టాండంతా అదే పనిలో ఉంది. ఫోను ఒకసారి ప్రయత్నించి, చీటీ తీసి, తెర మీద గీతలు తిప్పుకుంటూ ఆగిపోయింది. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం.