ఎన్‌ఈఎస్‌కి గేమ్ రాస్తే డీబగ్గింగ్ అంతా ఊహేనా?

ఎన్‌ఈఎస్ (నింటెండో పాత గేమ్ కన్సోల్)కి కొత్తగా గేమ్ రాద్దామని దిగినవాళ్లకి ముందు చెవిన పడే మాట ఇది: “పాత కన్సోల్‌కి డీబగ్గర్ ఉండదు. విలువ ప్రింట్ చేసి చూసుకునే వీల్లేదు. తెర రంగు మార్చి, కోడ్ ఎక్కడిదాకా వచ్చిందో ఊహించుకోవడమే. ఎమ్యులేటర్‌లో ఆడితే కన్సోల్‌లోనూ ఆడుతుంది. ఆడకపోతే నింటెండో వాళ్ల అప్పటి డెవలప్‌మెంట్ కిట్ ఉన్నవాడికే తప్పు దొరుకుతుంది.” ఇందులో రంగు సంగతి ఒక్కటే సగం నిజం, అదీ వేరే పనికి.

“డీబగ్గర్ ఉండదు”

మెసెన్ ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే కన్సోల్‌ని అనుకరించే ప్రోగ్రామ్)లో డీబగ్ మెనూ తెరవండి. బ్రేక్‌పాయింట్లు (కోడ్‌ని కోరిన చోట ఆపేవి), ట్రేస్ లాగర్, మెమరీ వ్యూయర్, ఈవెంట్ వ్యూయర్ అన్నీ అక్కడే ఉంటాయి, ఉచితంగా. ఎఫ్‌సీఈయూఎక్స్ అనే ఇంకో ఎమ్యులేటర్‌లోనూ డీబగ్గర్ ఉంది. అయినా ఈ మాట ఎందుకు పుట్టిందంటే, చాలామంది రోమ్ ఫైల్ ఒక్కటే తెరుస్తారు. అప్పుడు తాము పెట్టిన పేర్లు ఒక్కటీ కనబడవు, వట్టి అడ్రసులే కనబడతాయి. బిల్డ్ చేసేటప్పుడు సీఏ65 అసెంబ్లర్‌కి “మైనస్ జీ” ఆప్షన్, ఎల్‌డీ65 లింకర్‌కి “డీబీజీఫైల్” ఆప్షన్ ఇవ్వాలి. సీ భాషలో రాస్తే సీసీ65 కంపైలర్‌కి కూడా మైనస్ జీ ఇవ్వాలి. వచ్చిన డీబీజీ ఫైల్‌ని రోమ్ పేరుతోనే అదే ఫోల్డర్‌లో పెడితే, డీబగ్గర్‌లో మీ లేబుళ్లు, మీ సోర్స్ లైన్లు కనిపిస్తాయి.

ఇక దీంతో ఏం దొరుకుతుందో చూద్దాం. అందరికీ తగిలే బగ్: ఆట బాగానే సాగుతూ, తెర మీద ఎక్కువ మార్పులు జరిగిన ఫ్రేమ్‌లో మాత్రం బొమ్మంతా ఒక్కసారి ఎగిరిపడుతుంది. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ టీవీ పద్ధతి) కన్సోల్‌లో వీబ్లాంక్ (ఒక ఫ్రేమ్ గీయడం ముగిసి తర్వాతది మొదలయ్యేలోపు విరామం, తెరకి డేటా పంపాల్సింది అప్పుడే) 20 స్కాన్‌లైన్లు (తెర అడ్డ గీతలు), అంటే సుమారు 2,273 సీపీయూ సైకిళ్లు. స్ప్రైట్ల (కదిలే బొమ్మల) డేటా ఒక్కసారిగా పంపే డీఎంఏకి అందులో 513 లేదా 514 పోతాయి. మిగిలేది 1,760 లోపే. బఫర్ (పంపాల్సిన బైట్లు పేర్చుకున్న చోటు) నుంచి పీపీయూ (బొమ్మ గీసే చిప్) తాలూకు 2007 రిజిస్టర్‌కి (ఇక్కడి రిజిస్టర్ నంబర్లన్నీ హెక్స్‌లోవి) మామూలు లూప్‌తో రాస్తే బైట్‌కి 15 సైకిళ్లు పడుతుంది. రిజిస్టర్లు దాచుకోవడం, అడ్రస్ పెట్టడం కూడా లెక్కేస్తే ఫ్రేమ్‌కి నూరు బైట్లు దాటితే గండమే. వీబ్లాంక్ అయిపోయాక కూడా రాస్తూ ఉంటే పీపీయూ బొమ్మ గీయడానికి వాడుకుంటున్న అడ్రసే చెడిపోతుంది, తెర ఎగిరేది అందుకే.

దీన్ని ఊహించక్కర్లేదు. 2006 (అడ్రస్ పెట్టేది), 2007 రిజిస్టర్లకి రైట్ బ్రేక్‌పాయింట్ (అక్కడ రాస్తే ఆపేది) పెట్టి, స్కాన్‌లైన్ 0 నుంచి 239 లోపు ఉంటేనే ఆగాలని షరతు రాయండి. తప్పు చేసిన లైన్ దగ్గరే ఆగుతుంది. స్టేజ్ లోడ్ అయ్యేటప్పుడు 2001తో తెర ఆపేసి రాసేవి న్యాయమైనవే, అక్కడ ఆగితే వదిలేసి ముందుకెళ్లండి. ఈవెంట్ వ్యూయర్‌లో ఇదే కంటికి కనబడుతుంది: ప్రతి రిజిస్టర్ రైటూ ఆ క్షణంలో పీపీయూ ఉన్న చోట ఒక చుక్కగా పడుతుంది. చుక్కల వరస వీబ్లాంక్ దాటి బొమ్మ పైవరసల్లోకి పాకిందంటే దొంగ దొరికినట్టే. మందు కూడా తెలిసిందే. బఫర్‌ని స్టాక్ పేజీలో పెట్టి, లూప్ లేకుండా పీఎల్‌ఏ (స్టాక్ నుంచి తీసేది), ఎస్‌టీఏ (స్టోర్ చేసేది) జంటలు వరసగా రాస్తే బైట్‌కి 8 సైకిళ్లే. చివర్లో 2005కి రెండుసార్లు స్క్రోల్ రాయడం మరచిపోవద్దు.

ఇంకొక బగ్: ప్రాణాల లెక్క ఎప్పుడో ఒకసారి దానంతటదే మారిపోతుంది. ఆ వేరియబుల్‌కి రైట్ బ్రేక్‌పాయింట్ పెడితే, దాన్ని మార్చిన లైన్ దగ్గరే ఆగుతుంది. తరచూ అసలు దోషి ఎన్‌ఎంఐ హ్యాండ్లర్ (వీబ్లాంక్ రాగానే మెయిన్ కోడ్‌ని ఆపి నడిచే కోడ్). మెయిన్ కోడ్ వాడే టెంప్ బైట్‌నే ఎన్‌ఎంఐ కూడా వాడుతుంటుంది, లేదా ఎక్స్, వై రిజిస్టర్లు దాచుకోకుండానే తొక్కేస్తుంటుంది.

“ప్రింట్ లేదు, రంగు మార్చడమే దిక్కు”

రామ్‌లో వాడని ఒక బైట్ కేటాయించండి. చూడాలనుకున్న విలువని అక్కడ స్టోర్ చేయండి. ఒక ఎస్‌టీఏ అంటే 3 బైట్లు, 4 సైకిళ్లు. మెసెన్ స్క్రిప్ట్ విండోలో లువా భాషలో కాల్‌బ్యాక్ (ఏదైనా జరిగినప్పుడు నడిచే చిన్న కోడ్) ఒకటి ఆ అడ్రస్ మీద పెట్టి, రైట్ జరిగినప్పుడల్లా విలువని లాగ్ చేయించండి. ఇదే మీ ప్రింట్. కన్సోల్‌లో ఇది ఏ హానీ చేయదు, తీసేయడం మరచిపోయినా పరవాలేదు.

రంగు పద్ధతి నిజంగా పనికొచ్చేది సమయం కొలవడానికి. ఫ్రేమ్ లాజిక్ మొదలైనప్పుడు 2001కి 31 రాసి, ముగిశాక 30 రాయండి (ఈ రెండూ దశాంశంలో). అన్ని లేయర్లూ అలాగే ఉండి, మధ్యలో మాత్రం తెర బూడిద రంగులో కనబడుతుంది. ఒక్కో లైన్ సుమారు 113.67 సైకిళ్లు, కాబట్టి ఎన్ని లైన్లు బూడిదగా ఉన్నాయో లెక్కపెడితే తెర మీద ఖర్చైన సమయం తెలిసిపోతుంది. అసలు కన్సోల్ మీద కూడా పనిచేసే ప్రొఫైలర్ ఇది.

“ఎమ్యులేటర్‌లో ఆడితే కన్సోల్‌లోనూ ఆడుతుంది”

అన్నిటికన్నా నష్టం చేసే మాట ఇదే. కన్సోల్ ఆన్ చేసినప్పుడు రామ్‌లో ఏముంటుందో చెప్పలేం, ఎమ్యులేటర్ సున్నాలు పెట్టి మీ తప్పు కప్పిపుచ్చవచ్చు. మెసెన్‌లో పవర్ ఆన్ రామ్‌ని ర్యాండమ్‌గా పెట్టి, ఏమీ రాయని బైట్ చదివితే ఆగే ఆప్షన్ కూడా ఆన్ చేయండి. ఆన్ చేసిన వెంటనే పీపీయూ మాట వినదు. సుమారు 29,658 సైకిళ్లదాకా 2000, 2001, 2005, 2006 రైట్లు గాలికి పోతాయి, అందుకే రెండు వీబ్లాంక్‌లు ఆగాలి.

ఎన్‌టీఎస్‌సీ కన్సోల్‌లో డీపీసీఎం శాంపిల్ (రికార్డ్ చేసిన శబ్దం) మోగుతుండగా కంట్రోలర్ చదివితే మధ్యలో ఒక బిట్ ఎగిరిపోవచ్చు. అప్పుడు ఎవరూ నొక్కని “రైట్” (కుడి) బటన్ నొక్కినట్టు వస్తుంది. రెండుసార్లు చదివి, రెండూ సరిపోయేదాకా మళ్లీ చదవాలి. యూఎన్‌రోమ్ (రోమ్‌ని బ్యాంకులుగా మార్చుకునే కార్ట్ రకం) బోర్డులో బ్యాంక్ నంబర్ రాసే చోట రోమ్‌లో అదే విలువ లేకపోతే బస్ కాన్‌ఫ్లిక్ట్ (సీపీయూ, రోమ్ ఒకేసారి వేర్వేరు విలువలు పెట్టడం) వస్తుంది. దీనికి 0, 1, 2, 3 అంటూ ఒక టేబుల్ పెట్టి, రాసే నంబర్‌కి సరిపోయే గడిలోనే రాయాలి. రోమ్ ఫైల్ హెడర్ ఎన్‌ఈఎస్ 2.0 అయితే మ్యాపర్ 2 (యూఎన్‌రోమ్ నంబర్)కి సబ్‌మ్యాపర్ 2 ఇవ్వండి, ఎమ్యులేటరే పట్టిస్తుంది. ఫ్లాష్ కార్ట్ (రోమ్ ఫైళ్లని అసలు కన్సోల్‌లో ఆడించే కార్ట్) దీన్ని దాచేయవచ్చు, బోర్డు మీద పరీక్షించేదాకా నమ్మకండి.

మన ఊళ్లలో అమ్మిన 60 పిన్నుల క్యాసెట్ టీవీ గేమ్ సెట్లు ఫామికామ్ (జపాన్‌లో ఎన్‌ఈఎస్ పేరు) క్లోన్లే. పాల్ (యూరప్, మన దేశపు టీవీ పద్ధతి) టీవీలకి చేసిన అలాంటి క్లోన్లలో అనేకం డెండీ (రష్యాలో అమ్మిన క్లోన్) టైమింగ్‌వి. అసలు పాల్ కన్సోల్‌లో వీబ్లాంక్ 70 లైన్లు, సుమారు 7,459 సైకిళ్లు. డెండీ కూడా 50 హెర్ట్జే, కానీ వీబ్లాంక్ 20 లైన్లే. పాల్‌లో మాత్రమే చూసి సరే అనుకుంటే ఈ సెట్ల మీద తెర ఎగురుతుంది. మెసెన్ రీజియన్ మెనూలో ఎన్‌టీఎస్‌సీ, పాల్, డెండీ మూడూ ఉన్నాయి, మూడింట్లోనూ ఆడించండి.

“నింటెండో కిట్ కావాలి”

అక్కర్లేదు. ఎవర్‌డ్రైవ్ ఎన్8 ప్రో లాంటి కార్ట్‌కి యూఎస్‌బీ ఉంది, కంప్యూటర్ నుంచి రోమ్ నేరుగా పంపుకోవచ్చు. కన్సోల్‌లోనే కనబడే తప్పుకి పైన చెప్పిన 31, 30 రైట్లు అనుమానమున్న రొటీన్ చుట్టూ పెట్టండి. బూడిద పట్టీ మొదలై ముగియకపోతే, ఇరుక్కుంది ఆ రొటీన్‌లోనే.