సోమవారం తొమ్మిదిన్నరకు డీఎస్సీ

రుద్రదేవుడు 1163లో హనుమకొండ వేయిస్తంభాల గుడిలో వేయించిన శాసనాన్ని పండితులు ఎప్పుడో చదివేశారు. ఆ గుడికి కాస్త దూరంలో ఉన్న ఒక డిగ్రీ కాలేజీ నోటీసు బోర్డు మీద ఈమధ్య అతికించిన టైంటేబుల్‌ను మాత్రం ఇప్పటిదాకా చదివినవారు లేరు. వేసిన సారునే అడిగితే, "పోయినేడాదిదే కొంచెం మార్చినమండీ" అని తప్పుకున్నాడు.

నాకెందుకీ గొడవ అంటే, మా అక్క బిడ్డ అక్కడే బీఎస్సీలో చేరింది, రోజూ పరకాల నుంచి బస్సులో వచ్చి పోతుంది. టైంటేబుల్ వాట్సాప్‌లో వచ్చింది. ఫొటో తీసేటప్పుడు గాలికి కాగితం లేవకుండా ఎవరో బొటనవేలు పెట్టి నొక్కారు, అది సరిగ్గా బుధవారం మధ్యాహ్నం మీద పడింది. అప్పటినుంచి మా ఖాందాన్‌లో బుధవారం మధ్యాహ్నం ఏముందో ఎవరికీ తెలియదు.

ముందుగా మా బావ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, పిల్లకు సోమవారం తొమ్మిదిన్నరకు డీఎస్సీ అని రాసిన్రు. ఇంకా బీఈడీనే చెయ్యలేదు గదరా!"

నవ్వకండి. మా దిక్కు డీఎస్సీ అంటే టీచర్ నౌకరీ. ఆ మూడక్షరాల కోసం హనుమకొండ కోచింగ్ సెంటర్లలో, రీడింగ్ రూముల్లో పెళ్లి ఈడు దాటించుకున్నవాళ్లున్నారు. అలాంటి పవిత్రమైన మాటను పట్టుకొచ్చి, 'డిసిప్లిన్ స్పెసిఫిక్ కోర్' అని అర్థం చెప్పి, వారానికి ఇన్ని గంటలని పంచిపెట్టారు. అసలు సబ్జెక్టే బావా, లెక్కలు, అన్నాను. "మరి లెక్కలు అని రాస్తే ఏం పోయింది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ పక్క గడిలో ఎస్ఈసీ కనబడేసరికి ఎలక్షన్ కమిషన్ అనుకుని ఇంకా బెదిరాడు. వార్డు మెంబరుగా ఓడిపోయినప్పటి నుంచి ఆయనకు ఆ పేరంటే పడదు. అది నైపుణ్యాలు నేర్పే కోర్సు అని నమ్మించడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

మా బావను తక్కువ అంచనా వేయొద్దు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మి తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, చేతికి రాగానే బస్తాలు, తూకం, ధర, హమాలీ, అన్నీ నిలబడ్డచోటే లెక్కేసి, పది రూపాయల తేడా వచ్చినా అడ్తి వ్యాపారి ముందు నుంచి కదలని మనిషి. ఆయన కూడా 3-0-0-3 దగ్గర చతికిలబడ్డాడు. మొదటిది వారానికి పాఠం గంటలు, రెండోది ట్యుటోరియల్, మూడోది ల్యాబ్, చివరిది క్రెడిట్లు అని వివరించాను. క్రెడిట్ అంటే ఉద్దెరేనా అన్నాడు, కాదన్నాను. క్లాసులో గంట కూర్చుంటే ఒక క్రెడిట్, ల్యాబ్‌లో రెండు గంటలు నిలబడితే ఒక క్రెడిట్.

"అంటే కూసున్నోనికి నిండు కూలి, పని చేసినోనికి సగం కూలి."

డిగ్రీ చదువులకు రూల్స్ పెట్టే యూజీసీ కూడా ఇంత సూటిగా ఎన్నడూ చెప్పలేదు.

నంబర్ల సంగతి ఇంకా ఘోరం. కాజీపేటలో 12723 నంబరు రైలెక్కితే ఢిల్లీ, 12724 ఎక్కితే హైదరాబాద్, ఒకటి పొయ్యేది, ఒకటి వచ్చేది, చదువు రానివాళ్లకు కూడా తెలుసు. ఈ కాలేజీలో పేపర్ నంబరు 301 అంటే లెక్కల వాళ్లకు మూడో సెమిస్టర్, ఫిజిక్స్ వాళ్లకు మూడో సంవత్సరం. 302 అసలు లేదు. అది చెప్పే సారు రిటైరయ్యాడు, నంబరు కూడా ఆయనతోనే వెళ్లిపోయింది. ఎల్‌హెచ్-2 అంటే లెక్చర్ హాల్. మొదటి వారం ముగ్గురు మగపిల్లలు లేడీస్ హాస్టల్ గేటు దాకా వెళ్లి వాచ్‌మన్‌తో తిట్లు తిన్నారట. కొత్త బ్లాక్ ఏదని అడిగితే, సున్నం రాలుతున్నది కొత్తది, రంగేసింది పాతది.

బీటెక్ చదివే మా పక్కింటి పిల్లగాడికైతే సున్నా క్రెడిట్ల సబ్జెక్టే ఉంది. హాజరు తప్పదు, పాస్ కాక తప్పదు, లెక్కలోకి మాత్రం రాదు. మేమంతా నోరెళ్లబెడితే మా కోడలు పిల్లకు చటుక్కున తట్టింది. "బస్సుల జీరో టికెట్ లెక్కనే మామా. పైసలుండయి, తీసుకోకుంటే మాత్రం చెకింగ్‌ల దొరుకుతం."

లంచ్ ఒక్కటైనా తేలిగ్గా దొరుకుతుందనుకున్నాం. నడిమి నిలువు వరుసలో సోమవారానికి ఎల్, మంగళవారానికి యు, గురువారానికి సి, శుక్రవారానికి హెచ్ అని ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. బుధవారంది బొటనవేలి కింద ఉంది. ఇవేం సబ్జెక్టులో అని మా అక్క రెండు రోజులు తిప్పలు పడి, మూడోనాడు నిలువుగా చదివి పట్టేసింది. పట్టేసి ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. లంచ్‌కు ఇంగ్లిష్‌లో ఐదే అక్షరాలు, కాలేజీకి ఆరు రోజులు. శనివారానికి అక్షరం మిగల్లేదు.

"శనివారం పిల్లల్ని తిననియ్యరట" అని, అప్పటినుంచి శనివారాలు సర్వపిండి కట్టిస్తోంది, మూడో పీరియడ్‌లో బెంచీ కింద తినమని. మొన్న శనివారం వాసన క్లాసంతా కొట్టిందట. సారు పాఠం ఆపి వచ్చి ఒక ముక్క తీసుకున్నాడట. టైంటేబుల్ వేసిన సారే. ఆయనకూ శనివారం లంచ్ లేదు కదా.