ఉపవాస చేపకు ఈకల విందు

పుస్తెలమ్మైనా పులస తినాలన్న గోదావరి జిల్లాల వాళ్లది సగం నాగరికతే. పుస్తెలూ పోవాలి, చేపా దక్కకూడదు. ఆ పూర్తి నాగరికత చూడాలంటే రష్యా ఉత్తరాన, కోలా ద్వీపకల్పంలోని పొనోయ్ నదికి వెళ్లాలి. నది దిగువనున్న చేపల వేట శిబిరాలకు రోడ్డు లేదు. ముర్మాన్‌స్క్ నుంచి హెలికాప్టరే గతి.

అక్కడి దైవం అట్లాంటిక్ సాల్మన్ అనే చేప. సముద్రం వదిలి నదిలోకి రాగానే తిండి మానేస్తుంది. శరత్తులో ఎదురెక్కినవైతే చలికాలమంతా మంచు కింద గడిపి, మరుసటి శరత్తులో గాని గుడ్లు పెట్టవు. దాదాపు ఏడాది నిరాహారం! అంతటి తపస్విని ఈకలు, వెంట్రుకలు చుట్టిన గాలంతో ఊరించడమే ఈ క్రీడ. ఆ గాలాన్ని ఫ్లై అంటారు. వానపాము నిషిద్ధం. గాలం కొన దగ్గరి ఎదురుముల్లును కూడా పటకారుతో నొక్కేయాలి. చేపకు తప్పించుకునే వీలు కల్పించడం మర్యాద కదా.

గాలం కర్ర 13, 14 అడుగులుండాలి, రెండు చేతులతో విసరాలి. జూన్ మొదట్లో మంచు కరిగిన నీటికి మునిగే లైను (గాలం తాడు), వేలెడంత ఫ్లై. నీరు 10 డిగ్రీలు దాటాక తేలే లైను, చిన్న ఫ్లై. ప్రవాహానికి అడ్డంగా, కాస్త దిగువకు, 45 డిగ్రీల వాలులో వేయాలి. లైను మధ్యలో బొజ్జ కట్టిందంటే నీటి వడికి ఫ్లై పరుగు తీస్తుంది. వెంటనే ఆ బొజ్జను ఎగువకు తిప్పి పడేయాలి. ఫ్లై ఒడ్డువైపుకి వచ్చాక రెండడుగులు దిగువకు నడిచి మళ్లీ విసరాలి. పొద్దుగూకేదాకా అందామంటే, ఆ నెలలో అక్కడ పొద్దే గూకదు.

ఎట్టకేలకు లైను బరువెక్కుతుంది. కొంప మునిగేది ఇక్కడే. సాల్మన్ ఫ్లైని నోట పెట్టుకుని పక్కకు మళ్లుతుంది. మళ్లాకే గాలం దవడ మూలన దిగబడుతుంది. కంగారులో కర్ర ఎత్తారో, హెలికాప్టర్ కిరాయి సహా అంతా నీళ్లపాలు. ఆకలి లేనిది అసలెందుకు పట్టిందంటే, కోపమని కొందరు, చిన్ననాటి అలవాటని కొందరు. చేప వాంగ్మూలం ఇంకా నమోదు కాలేదు.

పట్టాక సేవ మొదలు, ఎందుకంటే చేపను తిరిగి నదికే వదిలేయాలి. చేతులు తడుపుకోవాలి, పొడి చెయ్యి తగిలితే ఒంటి మీది జిగురు పొర పోయి బూజు పడుతుంది. మొప్పల జోలికి పోకూడదు. తల ఎగువకు ఉంచి, తోక మొదలు పట్టుకుని, అది తనంతట తానే విదిలించుకునేదాకా నీళ్లలోనే నిలబడాలి. నీరు 20 డిగ్రీలకు చేరిన రోజు కర్ర మూల పెట్టాల్సిందే: అంత వెచ్చని నీటిలో ప్రాణవాయువు చాలక, అలిసిన చేప కోలుకోదు.

తలకు దోమతెర, మణికట్టు దగ్గర బిగుతైన చొక్కా మరవకండి. ఆ నది మీద కడుపు మాడ్చుకోనివి దోమలే.